మాండలిన్ లేని శక్తి

జాన్ మెక్‌లాఫ్లిన్ కొత్త ఆల్బం గురించి భీమవరంలో గొడవపడేవాళ్లు ఎందరుంటారు? నాకు తెలిసి నలుగురం. మా మామూజాన్, మా ఆపా కొడుకు, పాలకొల్లులో ఉండే ఒక మృదంగం మాస్టారు, నేను. రొయ్యల కౌంటు, మేత రేటు మాట్లాడుకునే చాయ్ హోటల్లో కూర్చుని మేం ఒక ఎనభయ్యొక్కేళ్ల ఇంగ్లీషు గిటారిస్టు గురించి గొంతులు పెంచుతుంటే పక్క బల్లవాళ్లు ఏదో చెరువు గట్టు తగాదా అనుకునేవాళ్లు. 2023 జూన్ 30న ‘దిస్ మొమెంట్’ వచ్చినప్పుడు మొదలైన ఆ బహస్ ఇప్పటికీ ఖతమ్ కాలేదు. ఎవరి రాయ్ ఏమిటో, ఎందుకో రాసిపెడదామనిపించింది.

ఎవరీయన అనేవాళ్ల కోసం ముఖ్తసర్‌గా చెప్తాను. 1942లో ఇంగ్లండులోని డాంకాస్టర్‌లో పుట్టాడు. అమెరికాలో ట్రంపెట్ ఉస్తాద్ మైల్స్ డేవిస్ రికార్డుల్లో గిటార్ వాయించాడు. 1971లో మహావిష్ణు ఆర్కెస్ట్రా పెట్టాడు. రెండు మెడల ఎలక్ట్రిక్ గిటార్, చెవులు గింగురుమనే సౌండు. దాన్ని జాజ్ అన్నవాళ్లున్నారు, రాక్ అన్నవాళ్లున్నారు. ఆ హోరు మంచి జోరు మీదున్న రోజుల్లోనే దాన్ని వదిలేసి, కరెంటు లేని గిటార్ పట్టుకుని మనవాళ్ల పక్కన నేల మీద కూర్చున్నాడు. తబలా జాకిర్ హుసేన్, వయొలిన్ ఎల్. శంకర్, ఘటం విక్కు వినాయక్‌రామ్. ఆ జమాత్ పేరే శక్తి. 1976, 77లలో మూడు ఆల్బములు చేసి చెదిరిపోయారు. 1997లో ‘రిమెంబర్ శక్తి’ పేరుతో మళ్లీ లేచారు. ఈసారి వయొలిన్ చోట్లోకి వచ్చింది మాండలిన్. ఆ మాండలిన్ పట్టుకున్నవాడు మా పక్కూరి కుర్రాడు, ఉప్పలపు శ్రీనివాస్.

భీమవరంలో నర్సాపురం బండి ఎక్కితే వీరవాసరం దాటాక పాలకొల్లు. శ్రీనివాస్ 1969లో అక్కడే పుట్టాడు. 2014 సెప్టెంబరు 19న చెన్నైలో పోయాడు. నలభై అయిదేళ్లు. అందుకే ‘దిస్ మొమెంట్’ మాకు లండన్, న్యూయార్క్ అభిమానులకు వచ్చినట్టు రాలేదు. నలభై ఆరేళ్ల తర్వాత శక్తి స్టూడియో ఆల్బం అని వాళ్లు సంబరపడ్డారు. మేం మాత్రం ముందు మా ఇంటి మనిషి లేని కుర్చీ వైపు చూశాం. మొదటి పాట పేరే ‘శ్రీనిస్ డ్రీమ్’.

ముందు మామూజాన్ రాయ్. ఆయనది టేప్‌రికార్డర్లు బాగుచేసే దుకాణం. ఎనభైలలో కువైట్ నుంచి వచ్చిన రిశ్తేదార్ ఒకాయన మరమ్మతుకిచ్చిన సెట్టులో ఒక క్యాసెట్ ఉండిపోయింది. హెడ్డు తుడిచి, సౌండు చూద్దామని అదే పెట్టారు. శక్తి మూడో ఆల్బం, ‘నేచురల్ ఎలిమెంట్స్’. ఆ పూట దుకాణంలో ఇంకో పని జరగలేదంటారు. సెట్టు తిరిగిచ్చేశారు గానీ క్యాసెట్ అడిగి ఉంచుకున్నారు. మా నానాజాన్‌కి పాటలంటే గిట్టదు కాబట్టి అది ఇంటి గడప ఎక్కలేదు. స్క్రూడ్రైవర్ల సొరుగులోనే దాని బసేరా.

ఆ రోజుల గిటార్ సంగతి తెలిస్తేగానీ మామూజాన్ కోపం అర్థం కాదు. మెక్‌లాఫ్లిన్ దాన్ని ప్రత్యేకంగా చేయించుకున్నాడు. మామూలు ఆరు తీగల కింద, గిటార్ గుంట మీదుగా ఏటవాలుగా ఇంకో ఏడు తీగలుండేవి. వాటిని వేలితో మీటక్కర్లేదు. పైతీగ మోగితే సారంగీలో తరబ్ తీగల్లా అవే గూఁమంటాయి. మెట్ల మధ్య చెక్కను కూడా గుంటలుగా తొలిచారు. వీణ మీద తీగ లాగి గమకం పలికించినట్టు ఆ గిటార్ మీద స్వరాన్ని వంచవచ్చు. తన వాయిద్యాన్ని మన రాగం ముందు అంతగా వంచినవాడు, కొత్త ఆల్బంలో చాలాచోట్ల గిటార్ సింథసైజర్ వాయించాడు. తీగ కదలికను యంత్రం పట్టుకుని ఇంకేదో వాయిద్యం గొంతులో పలికిస్తుంది.

“బేటా, అది గిటార్ ఆవాజ్ కాదు. ఎవరి గొంతో అరువు తెచ్చుకున్నాడు,” అన్నారు మామూజాన్. “పైగా ఒకళ్ల మొహం ఒకళ్లు చూసుకోకుండా వాయించారట. సవాల్ ఇక్కడ, జవాబ్ అక్కడ. అదేం మహఫిల్?”

ఆ మాట నిజమే. కరోనా రోజుల్లో ఒక్కొక్కరూ ఉన్నచోటే వాయించి, ఫైళ్లు పంపుకుని చేసిన ఆల్బం అది. మామూజాన్‌కి జవాబ్ ఇచ్చింది మాత్రం సంగీతం గురించి ఎప్పుడూ నోరెత్తని మా ఆపా. వంటింట్లో రొయ్యలు ఒలుస్తూ వింటోంది. “ఆ ఏడు మనం ఈద్ నమాజ్ ఎక్కడ చదివాం మామూ? ఇంట్లో. గలే మిల్నా ఎలా చేశాం? ఫోన్లో. ఈద్ కాలేదా మరి?” అంది. మామూజాన్ చాయ్ గ్లాసు కింద పెట్టి కాసేపు ఏం మాట్లాడలేదు. తర్వాత, “ఈద్ అయింది. కానీ ఈద్‌లా లేదు,” అన్నారు. ఇద్దరి మాటా నాకు సబబుగానే అనిపించింది.

మా భాంజా గొడవ వేరు. ఇంజినీరింగ్ చదువుతున్నాడు. గది నిండా నల్ల టీషర్టులు, గోడకి ఎలక్ట్రిక్ గిటార్. వాడికి శక్తి కంటే మహావిష్ణు ఆర్కెస్ట్రా ఇష్టం. “మామూ, వేగం ఏమాత్రం తగ్గలేదు. చేతులు నొప్పెడుతున్నాయని 2017లో అమెరికాకి అల్విదా టూరు చేసిన మనిషి, 2023లో మళ్లీ అమెరికా వెళ్లి వాయించాడు. సలాం చేయాలి,” అంటాడు. వాడి షికాయత్ శంకర్ మహదేవన్ గొంతు మీద. గొంతు రాగానే చెవి దాని వెంటే పోతుందట, గిటార్ వెనక్కి జరిగి సినిమా పాటలో బిట్టులా అయిపోతుందట. ‘గిరిరాజ్ సుధ’ 2001 నాటి ‘సాటర్‌డే నైట్ ఇన్ బాంబే’లోనూ ఉంది. రెండూ పక్కపక్కన పెట్టి వినిపించాడు. పాతది స్టేజి మీది రికార్డింగు కాబట్టి జనం ఊపిరి కూడా వినిపిస్తుంది. “అందులో చెమట ఉంది, ఇందులో ఏసీ ఉంది,” అన్నాడు. ఇరవై ఏళ్ల కుర్రాడి నోట పాతదే బాగుందన్న మాట విని మామూజాన్ మురిసిపోయారు. వాడు వెంటనే, “కానీ నానా, మీరు ఆయన్ని క్యాసెట్‌లో బంద్ చేసి పెట్టారు,” అని అంటించాడు.

మృదంగం మాస్టారిది షికాయత్ కాదు, గమ్. మొదట్లో ఆయన ‘శ్రీనిస్ డ్రీమ్’ దాటి ముందుకే వెళ్లలేదు. “వయొలిన్ గణేశ్ రాజగోపాలన్ గారు అద్భుతమండీ. సెల్వగణేశ్ అయితే వాళ్ల నాన్న వినాయక్‌రామ్ గారి చోట్లోకి వచ్చి నిలబెట్టాడు. కొడుక్కి తండ్రి చోటు దొరికింది. మావాడి చోటు మాత్రం ఖాళీ,” అన్నారు. శ్రీనివాస్‌ని ఆయన మావాడు అనే అంటారు.

ఆయన చెప్పే శ్రీనివాస్ కథ ఎన్నిసార్లు విన్నా తనివి తీరదు. తండ్రి సత్యనారాయణ క్లారినెట్ వాయించేవారు. ఇంట్లో ఉన్న మాండలిన్ పిల్లాడి చేతికొచ్చింది. గురువు రుద్రరాజు సుబ్బరాజు గారికి మాండలిన్ వాయించడం రాదు. ఆయన పాడేవారు, పిల్లాడు విన్నది విన్నట్టు తీగ మీద పలికించేవాడు. 1978లో గుడివాడలో త్యాగరాజ ఆరాధనోత్సవాల్లో మొదటి కచేరీ. తొమ్మిదేళ్లు. మాండలిన్ మామూలుగా జంట తీగల వాయిద్యం, టకటకమని మోగి ఆగిపోతుంది. గమకం నిలవదు. శ్రీనివాస్ జంటలు తీసేసి అయిదు ఒంటి తీగలు పెట్టుకున్నాడు, కరెంటు కలిపాడు. స్వరం సాగింది. విదేశీ వాయిద్యమేంటి, కరెంటు తీగేంటి అని అప్పట్లో మొహం చిట్లించిన పెద్దలు తక్కువేం కాదు. 1995లో మైకేల్ బ్రూక్‌తో ‘డ్రీమ్’ చేసినప్పుడూ అంతే. ఈ మైకేల్ బ్రూకే 1990లో నుస్రత్ ఫతే అలీ ఖాన్ సాబ్‌తో ‘మస్త్ మస్త్’ చేసినవాడు. ఖవ్వాలీ పాడైపోయిందని అప్పుడు ఏడ్చినవాళ్లు మన బిరాదరీలోనూ ఉన్నారు. ఇప్పుడు వాళ్ల పిల్లలకి ఖవ్వాలీ అంటే ఆ రికార్డే తెలుసు.

ఇక్కడే మాస్టారిని పట్టుకున్నాను. “శ్రీనివాస్ కరెంటు పెడితే ఒప్పుకున్నారు, మెక్‌లాఫ్లిన్ సింథసైజర్ పెడితే ఎందుకు ఒప్పుకోరండీ?” అన్నాను.

“అది వేరండీ విలేకరి గారూ. మావాడి చేతిలో మాండలిన్ మాండలిన్‌లా ఉంటూనే వీణ చెప్పే మాట చెప్పింది. ఈ యంత్రం తన మొహం మనకి చూపించదు.”

నాకు దీటైన జవాబ్ దొరకలేదు, ఇప్పటికీ వెతుకుతున్నాను. ఒక్కటి మాత్రం అన్నాను. మన వైపు నాదస్వరం చూడండి. 1924లో కరవదిలో పుట్టిన షేక్ చిన మౌలానా సాబ్ శ్రీరంగం వెళ్లి స్థిరపడి, అక్కడి రసికుల చేత విద్వాంసుడనిపించుకున్నారు. ఈ వాయిద్యం ఎవరిది, ఈ చేయి ఎవరిది అన్న సవాల్ మొదటి పది నిమిషాలే నిలబడుతుంది. తర్వాత స్వరం నిజంగా పలికిందా లేదా అన్నదే మిగులుతుంది. మాస్టారు, “ఆ లెక్కన ‘మోహనం’ పలికిందండీ,” అని ఒప్పుకున్నారు. మన మోహనమే హిందుస్తానీలో భూపాలి. అయిదు స్వరాలు. ఆ పాట దగ్గర మేం నలుగురం మొదటిసారి ఒక మాట మీదికొచ్చాం.

2024 ఫిబ్రవరిలో ఆల్బంకి గ్రామీ వచ్చింది. దాంతో ఎవరి రాయ్ మారలేదు. “ఇనామ్ ఇచ్చినవాళ్లు నా క్యాసెట్ వినలేదు,” అన్నారు మామూజాన్.

ఆ ఏడు డిసెంబరు 15న శాన్ ఫ్రాన్సిస్కోలో జాకిర్ సాబ్ ఇంతెకాల్ అయ్యారు. ఇంటి గ్రూపులో నేను మగ్‌ఫిరత్ దువా పెడితే, పాటగాళ్లకి దువా ఏంటని ఒక పెద్దాయన అడిగారు. మన ఇళ్లలో ఈ సవాల్ ఎప్పుడూ గుమ్మం దగ్గరే నిలబడి ఉంటుంది. ఫత్వా చెప్పే ఇల్మ్ నాది కాదు. జాకిర్ సాబ్ తానే ఎన్నో ఇంటర్వ్యూల్లో చెప్పుకున్న ముచ్చట మాత్రం రాశాను. పుట్టిన బిడ్డ చెవిలో దువా చదవమని ఒళ్లో పెడితే, తండ్రి అల్లా రఖా సాబ్ తబలా బోల్‌లు వినిపించారట. అమ్మీకి కోపమొచ్చిందట. ఇదే నా ఇబాదత్ అన్నారట ఆయన. ఆ బిడ్డే పెరిగి, పొద్దున్నే తండ్రి దగ్గర రియాజ్ చేసి, మద్రసాకి వెళ్లి, అక్కణ్నుంచి క్రైస్తవుల బడికి వెళ్లేవాడు. మూడు చోట్లా తనని ఎవరూ పరాయిగా చూడలేదనే చెప్పేవారు. గ్రూపులో ఆ తర్వాత కాసేపు ఎవరూ మాట్లాడలేదు. మొదట “ఆమీన్” అని పెట్టింది మా ఆపా.

ఆ రాత్రి మామూజాన్ నుంచి ఫోన్. ‘దిస్ మొమెంట్’ మొదట్నుంచి చివరిదాకా మళ్లీ విన్నారట. “నచ్చిందా?” అన్నాను.

“గిటార్ నచ్చలేదన్న మాట అలాగే ఉంది. అది నా హక్. కానీ ఇప్పుడు మధ్యలో ఆపలేను బేటా. తబలా ఉంది కదా.”

అభిమాని రాయ్‌లో ఎంత భాగం సంగీతం గురించి, ఎంత భాగం తన జవానీ గురించి అని అంతకు ముందు నాకు గుమానీ ఉండేది. మామూజాన్ మాట విన్నాక ఆ రెండింటినీ విడదీయడం మానేశాను. క్యాసెట్‌ని అంత మొహబ్బత్‌తో దాచుకున్నవాడికి కొత్తది నచ్చలేదనే హక్ ఉంది. ఎనభై దాటిన చేతికి తన పాత రికార్డులా ఉండనని చెప్పే హక్ కూడా ఉంది. వాళ్లిద్దరూ రాజీపడాలని నేనిప్పుడు కోరుకోవడం లేదు. ఇద్దరూ వింటూ, వాయిస్తూ ఉంటే చాలు. లేనిది శ్రీని మాండలిన్, ఇకరాని జాకిర్ సాబ్ తబలా. గమ్ అంటే అది. మిగతాదంతా చాయ్ హోటల్ బహస్.

మీ పిల్లలకి వినిపించాలంటే ఒక వరస చెప్తాను. ముందు 1976 నాటి శక్తి మొదటి ఆల్బం. తర్వాత శ్రీనివాస్ ఉన్న ‘సాటర్‌డే నైట్ ఇన్ బాంబే’. ఆ తర్వాతే ‘దిస్ మొమెంట్’. విన్నాక నచ్చకపోతే నచ్చలేదనే చెప్పండి. మామూజాన్‌కి జోడీ దొరుకుతుంది.