మేక్ లేనిచోట మేక్

ఆలంపూర్ విద్యార్థులకు సంగమేశ్వరాలయపు కథ కొత్త కాదు. శ్రీశైలం జలాశయపు ముంపు కారణంగా కూడవెల్లి నుండి ఆ చాళుక్య నిర్మాణాన్ని రాయి రాయిగా విప్పి తెచ్చి ఇక్కడ తిరిగి నిలిపినారు. రాళ్లన్నీ ఉన్నా వరుస తప్పితే గోడ లేవదు. ఈ సంగతి మాకు ఒక పాత కంప్యూటరు ముందు జ్ఞాపకం వచ్చింది.

మేము తెలుగు ఉపన్యాసకులము. యంత్రవిద్య మాకు రాదు. మన ప్రాంతపు తెలుగులో కలసిన ఉర్దూ పదాలను అకారాదిగా పేర్చే ప్రోగ్రామును సి భాషలో ఒక విద్యార్థి వ్రాసినాడు. దానిని కట్టడానికి 'మేక్' అనే సాధనం కావాలి. 1976లో బెల్ లాబ్స్‌లో స్టువర్ట్ ఫెల్డ్‌మన్ రూపొందించినది అది. ఏ ఫైలు దేనిపై ఆధారపడినదో చూచి, ఆ వరుసలో కట్టుకొనిపోతుంది. మా యంత్రంలో కంపైలరు ఉన్నది, మేక్ లేదు, ఇంటర్నెట్టు అసలే లేదు.

అతడు గ్నూ మేక్ మూలపాఠాన్ని పెన్‌డ్రైవులో తెచ్చి, 'కాన్ఫిగర్' నడిపి, అలవాటుగా 'మేక్' అని కొట్టినాడు. అటువంటి ఆజ్ఞ లేదని యంత్రం బదులిచ్చింది. మేక్‌ను కట్టడానికి మేక్ కావాలట! "వదిలేయి బాబూ, కర్నూలు పోయి చేయించుకో" అన్నాము. బస్సు ఛార్జీకి వెనుకాడే పిల్లవాడని ఎరిగియే అన్నాము. తలచుకొంటే ఇప్పటికీ సిగ్గు వేస్తుంది.

అతడు బదులాడక, వెంట వచ్చిన సూచనల పత్రం చదువుతూ కూర్చున్నాడు. మధ్యాహ్నానికి, "సార్, మేక్ లేనివాళ్లకు కూడా దారి పెట్టినారు" అన్నాడు. 'బిల్డ్.ఎస్‌హెచ్' అనే చిన్న స్క్రిప్టు. దానికి మేక్ తెలివి లేదు. ఏది మారిందో విచారించదు. ప్రతి సి ఫైలునూ ఒకటొకటిగా కంపైలరుకు అందించి, చివరకు అన్నిటినీ కలుపుతుంది. అంతే. ఏమీ లేనివాని ఇల్లు కూడా ఉంటుందని తలచి వ్రాసిన ఆ చేయి ఎవరిదో గాని, మా కంటె మంచి ఉపాధ్యాయుడు.

కంపైలరు కూడా లేకుంటే? అదీ అడిగినాడు. 2023లో గ్నూ గీక్స్ వారు 357 బైట్ల బీజం నుండి మెట్టు మెట్టుగా కంపైలరు దాకా ఎక్కి చూపినారు. యూనికోడు యూటీఎఫ్-8 రూపంలో ఒక్కొక్క తెలుగు సంకేతానికి మూడేసి బైట్లు. అనగా 119 సంకేతాలంత.

సాయంత్రానికి తెరపై వరుస కట్టినవి: అమలు, అర్జీ, అసలు. గద్వాల బస్సు వేళ అయినదని అతడు లేచినాడు. కర్నూలు మాట మేము మళ్లీ ఎత్తలేదు.