బ్రాండివైన్ ఏటి గట్టున తుపాకి మందు

అమెరికాలో డెలవేర్ అని ఒక బుల్లి రాష్ట్రం ఉంది. మన పాత జిల్లాలు చాలావాటికంటే చిన్నది. అందులో విల్మింగ్టన్ నగరం పక్కగా బ్రాండివైన్ అనే ఏరు పారుతుంది. పేరు చూసి ఎవరూ లొట్టలు వేయనక్కరలేదు. అందులో పారేవి నీళ్ళే. అయితే ఆ నీళ్ళు తిప్పిన చక్రాలు మాత్రం సామాన్యమైనవి కావు. 1802లో డుపాంట్ అనే ఫ్రెంచివాడు ఆ గట్టున తుపాకి మందు కార్ఖానా పెట్టాడు. అది 1921 దాకా నడిచింది. ఇప్పుడక్కడ హాగ్లీ అనే మ్యూజియం ఉంది.

2021 నవంబరులో మా అమ్మాయి ఇంట్లో ఉండగా, ఒక ఆదివారం మా అల్లుడు నన్నూ మా ఆవిడనూ అక్కడికి తీసుకుపోయాడు. ఆకులు రాలే కాలం. ఏటి పొడుగునా చెట్లు ఎర్రగా, పచ్చగా మండిపోతున్నాయి. ఆ చెట్ల మధ్య వరసగా రాతి కట్టడాలు. ఒక్కొక్కదానికి మూడు వైపులా ఏనుగు ఢీకొన్నా కదలనంత మందం గోడలు. నాలుగోవైపు, అంటే ఏటివైపు, అసలు రాతి గోడే లేదు. పైన తేలికపాటి వాలు కప్పు.

"పాపం, డబ్బు చాలక మూడు గోడలతో ఆపేశారు కాబోలు" అన్నది మా ఆవిడ.

సంగతి అది కాదు. లోపల మందు పేలితే, పక్క కట్టడాలు అంటుకోకుండా పేలుడంతా ఏటిమీదికి పోవాలని అలా కట్టారు. లోపల ఉన్నవాడూ దానితోపాటే పోతాడు. అలా పోయినవాణ్ణి గురించి తోటి పనివాళ్ళు "ఏరు దాటాడు" అనేవారట. మనకు వైతరణి ఎక్కడో ఉందని పురాణాలు చెబుతాయి. వాళ్ళకది గుమ్మం ముందే పారింది. అలా దాటినవాళ్ళు 200 పైచిలుకు. యజమానులు దూరంగా కూర్చుని లాభం తిన్నారనడానికి కూడా లేదు. వాళ్ళ ఇల్లు ఆ పక్క గుట్టమీదే. స్థాపకుడి కొడుకు అలెక్సిస్ 1857లో పేలుడులోనే పోయాడు.

ఇంతకూ ఆ మందులో ఏముంది? సురేకారం, బొగ్గు, గంధకం. నాలుగింట మూడు వంతులు సురేకారమే. దీపావళికి ఇంట్లో చిచ్చుబుడ్లు కూరినవాళ్ళకు నేను వేరే చెప్పనక్కరలేదు. ఈ మూడింటినీ తడిపి, గానుగలాంటి తొట్టిలో పెద్ద పెద్ద ఇనుప చక్రాలకింద గంటల తరబడి నూరేవారు. పనివాళ్ళ జోళ్ళకు ఇనుప మేకు ఒక్కటి కూడా ఉండకూడదు. నిప్పురవ్వ లేస్తే అంతే సంగతులు.

అక్కడ నన్ను నిలబెట్టేసింది సురేకారం కథ. ఆ రోజుల్లో మంచి సురేకారం మన దేశంనించే పోయేది, ముఖ్యంగా బీహారునించి. నునియాలు అనేవాళ్ళు ఊళ్ళలో పాటిమట్టి గీకి, నీళ్ళలో కలిపి, వడగట్టి, కాచి తీసేవారు. దాన్ని ఇంగ్లీషువాళ్ళు ఓడల కెత్తేవారు. ఈ డుపాంట్ల వంశంలోనే లామోట్ అనేవాడు 1857లో దక్షిణ అమెరికానుంచి వచ్చే మరొక రకం సురేకారంతో మందు చేసే పద్ధతికి పేటెంటు తీసుకున్నాడు. గనుల్లో రాళ్ళు పగలగొట్టడానికి అది బాగానే పనికివచ్చింది. కాని తేమ పీల్చుకుంటుంది, తుపాకులకు పనికిరాదు. అంచేత 1861లో అంతర్యుద్ధం వచ్చేసరికి ఉత్తరాదివారికి మళ్ళీ మన సురేకారమే దిక్కయింది. లామోట్ స్వయంగా ఇంగ్లండు పోయి దొరికినదంతా కొన్నాడు. ఇంతలో రెండు దేశాలకూ ఒక ఓడ విషయమై తగాదా వచ్చి, ఇంగ్లీషువాళ్ళు సరుకు కదలనివ్వలేదు. తగాదా తీరాకే విడిచారు. బీహారు పాటిమట్టికోసం అమెరికా సైన్యం ఎదురుచూసిందన్న మాట! ఈ సంగతి మా స్కూలు చరిత్ర పుస్తకంలో ఎవరూ వేయలేదు.

సాయంత్రం 41వ నంబరు రోడ్డు పట్టుకుని పెన్సిల్వేనియాలోకి, లాంకాస్టర్ వైపు వచ్చాము. దారిలో గుర్రపు బళ్ళమీద నల్లకోట్ల ఆమిష్ రైతులు. పద్ధెనిమిదో శతాబ్దంలో ఈ ప్రాంతపు జర్మను కమ్మరులే పొడుగాటి గొట్టం తుపాకులు చేసి పేరు తెచ్చుకున్నారు. గొట్టం లోపల మెలికల గాడి ఉంటుంది. గుండు గిర్రున తిరుగుతూ సూటిగా పోతుంది.

ఇలాంటి తుపాకి మా అమ్మాయి ఎదురింటాయన దగ్గర ఒకటుంది. ఆయనకు డెబ్బయి దాటాయి. ఆ రాష్ట్రంలో క్రిస్మస్ వెళ్ళాక చెకుముకిరాయి తుపాకి వాళ్ళకు మాత్రమే జింకల వేటకు కొన్నాళ్ళు ప్రత్యేకంగా వదులుతారు. 1974నుంచీ ఈ ఏర్పాటు ఉంది. మనం శాకాహారులం గనుక మనకెందుకులే అనుకున్నాను. కాని హాగ్లీ చూసివచ్చానని తెలియగానే ఆయన నన్ను వదల్లేదు.

ఆయనకు వచ్చిన చిక్కు ఇది. తాను ఏళ్ళ తరబడి వాడుతున్న నల్లమందు లూసియానాలో తయారయ్యేది. ఆ సెప్టెంబరులోనే ఆ కార్ఖానా మూసేస్తున్నామని ప్రకటించారు. (మరుసటి ఏడు వేరే కంపెనీ దాన్ని కొన్నది. కాని ఆ డిసెంబరులో ఆ సంగతి ఎవరికి తెలుసు?) ఆయన డబ్బాలో అడుగున నాలుగు పిడికిళ్ళే మిగిలింది. అంచేత స్విట్జర్లాండు మందు తెప్పించాడు. ఖరీదెక్కువ.

"మందు మందే గదా. అదే కొలత పోస్తే సరి" అన్నాను.

"మీ ఇంట్లో బియ్యం మారిస్తే అదే ఎసరు పెడతారా?" అన్నాడు, మా ఆవిడ వైపు చూసి. నాకు మారుమాట లేకపోయింది.

డిసెంబరులో ఒక శనివారం వాళ్ళ గురి మైదానానికి వెళ్ళాము. కాగితం, పెన్సిలు నాకిచ్చారు. చలికి వేళ్ళు కొంకర్లు పోతున్నాయి. పాత మందు ఆయన 70 గ్రెయిన్లు వాడేవాడు. గ్రెయిన్ అంటే గురివింద గింజ ఎత్తులో సుమారు సగం. కొత్తది 55తో మొదలుపెట్టాడు. కొమ్ములోనించి మందు నేరుగా గొట్టంలో పొయ్యడు. ముందు కొలపాత్రలోకి, తరువాత గొట్టంలోకి. లోపల ఎక్కడైనా నిప్పు మిగిలి ఉంటే కొమ్ము చేతిలోనే పేలుతుందట. దానిమీద గుడ్డముక్క చుట్టిన సీసపు గుండు. కర్రతో అడుగుదాకా కూరతాడు. కర్రమీద ఒక గీత ఉంది. గీత గొట్టం అంచుకు రాకపోతే గుండు మందుమీద ఆనలేదన్నమాట. మధ్య సందు ఉంటే గొట్టమే పగలవచ్చు. కొలత మారినప్పుడల్లా కత్తితో కొత్త గీత గీశాడు. చివరికి పక్కనున్న చిన్న గిన్నెలో చిటికెడు రంజకం.

చెకుముకి కొట్టింది. చెవి దగ్గర బుస్సుమని ఒక మెరుపు, వెంటనే ధన్! ముందు తెల్లటి పొగ తప్ప ఏమీ కనపడదు. గుండు తగిలిందో లేదో తెలియాలంటే గాలి వీయాలి.

50 గజాల్లో కాగితం. 55కు గుండ్లు కాస్త కిందుగా పడ్డాయి. 60కి అయిదూ ఒక కాఫీ సాసరులో ఇమిడేటట్టు పడ్డాయి. 65కు చెదరడం మొదలైంది. 70కి ఒకటి ఆ మూల, ఒకటి ఈ మూల. ఆయన కాగితం చూడలేదు. గడ్డిలోకి పోయి, గుండుతో బయటకు ఎగిరిన గుడ్డముక్కలు ఏరుకువచ్చాడు. 60వి గుండ్రంగా, నడుమ మసితో ఉన్నాయి. 70వి చిరిగి, అంచులు కాలి ఉన్నాయి.

"గుడ్డ చిరిగితే గుండు గాడిని పట్టుకోదు" అన్నాడు. "కాగితం అయితే నష్టం లేదు. జింక అయితే డొక్కలో తగిలి, మూడు మైళ్ళు పరుగెత్తి, ఎక్కడో పొదలో రెండు రోజులు కొట్టుకుని చస్తుంది. నా చిన్నప్పుడు మా నాన్నతో అలాటిదాన్ని మంచులో రక్తం చూసుకుంటూ రాత్రిదాకా వెతికాను. దొరకలేదు."

ఇంత తేడా ఎందుకు వస్తుందంటే, బొగ్గు చేసే కర్రలో చాలా ఉందన్నాడు. స్విట్జర్లాండువాళ్ళు ఒక రకం పొదకర్ర కాలుస్తారు. హాగ్లీలో విల్లో కర్ర. మా ఊళ్ళో జువ్వలకు జిల్లేడు బొగ్గే కావాలని మా తాత పట్టుబట్టేవాడని చెప్పాను. ఆయన ముఖం వెలిగిపోయింది. జిల్లేడంటే ఏమిటో చెప్పడానికి నాకూ మా అల్లుడికీ అరగంట పట్టింది. చివరకు ఫోనులో బొమ్మ చూపించాము.

వేట రోజులు వచ్చాయి. ఆయన తెల్లవారకముందే పోయేవాడు. మొదటి మూడు రోజులూ వట్టి చేతులతో వచ్చాడు. జింకలు కనపడ్డాయట, 80 గజాల్లో, 100 గజాల్లో. "ఈ మందుతో నేను 50 దాకానే చూశాను" అన్నాడు. నాలుగో రోజు వాన తుంపర. రంజకం తడవకుండా తుపాకిని కోటు చంకలో పెట్టుకుని పోయాడు. మధ్యాహ్నానికి బండి వెనక ఒక ఆడజింక ఉంది. 40 అడుగుల దూరంలో, ఒకే గుండు, నిలుచున్నచోటే కూలిందట. మా ఆవిడ కిటికీ దగ్గరనించి లోపలికి పోయింది. నేను పోలేదు.

సాయంత్రం ఆయన పెరట్లో బక్కెట్టు సబ్బునీళ్ళు వేడిగా పెట్టుకుని గొట్టం కడుగుతూ కూర్చున్నాడు. ఈ మందు మసి రాత్రికి రాత్రే ఇనుమును తుప్పు పట్టిస్తుంది. ఎంత అలిసినా ఆ పూటే కడగాలి. బక్కెట్లో నీళ్ళు సిరాలా నల్లబడ్డాయి. కుళ్ళిన గుడ్ల కంపు వీధి దాటి వచ్చింది.

"అచ్చం దీపావళి మర్నాడు మన వీధి వాసన" అన్నది మా ఆవిడ, ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకుని.