పాత ఫొటోలకు ఏ సాఫ్ట్‌వేర్ వాడాలండీ?

ఉగాది సంచికకు పాత ఫొటోలు పంపమని అడిగాం. ఫొటోల కంటే పై ప్రశ్నే ఎక్కువ వచ్చింది. విడివిడిగా జవాబులు రాసే ఓపిక లేక అందరికీ కలిపి ఇక్కడే రాస్తున్నాం.

ముందు మా తప్పు చెప్పుకోవాలి. కోడంబాకంలో ఉండే ఒక పెద్దావిడ తన పెళ్లి ఫొటో ఇచ్చారు. వాళ్లాయన వాహినీ స్టూడియోలో లైట్లు పట్టిన మనిషి. ఆయనది మిగిలింది ఆ ఒక్క ఫొటోనే. మన ఊరి తేమ సంగతి తెలిసిందేగా, నిండా మచ్చలు, చెంప మీదుగా ఒక మడత గీత. మేము తొందరపడి ఫోన్‌లో ఏదో ఏఐ యాప్‌లో పెట్టాం. క్షణాల్లో నిన్న తీసిన ఫొటోలా తయారైంది. మురిసిపోతూ పట్టుకెళ్లాం. ఆవిడ కళ్లజోడు తీసి, తుడుచుకుని, మళ్లీ పెట్టుకుని చూశారు.

"బాగుంది నాయనా. ఇంతకీ ఈయనెవరు?"

అసలు ఫొటో పక్కన పెట్టి చూస్తే అప్పుడు తెలిసింది. ఆయన ఎడమ కన్ను కాస్త చిన్నది, యాప్ దాన్ని సరిచేసేసింది. గడ్డం మీది పుట్టుమచ్చను మరక అనుకుని తుడిచేసింది. ఇలాంటి యాప్‌లు చాలాసార్లు ఉన్న ముఖాన్ని శుభ్రం చేయవు, వేల ముఖాలు చూసి నేర్చుకున్నదాంతో కొత్త ముఖం గీస్తాయి.

మళ్లీ 600 డీపీఐలో స్కాన్ చేసి, గింప్‌లో హీల్, క్లోన్ టూల్స్‌తో మచ్చ మచ్చకీ కూర్చున్నాం. రెండు సాయంత్రాలు పట్టింది. ఈసారి ఆవిడ ఏమీ అనలేదు, పిల్లలకు మూడు కాపీలు కావాలన్నారు.

కాబట్టి మా సలహా. వెలుతురు, వంకర, అంచులు సరిచేయడానికి ఫోన్‌లో స్నాప్‌సీడ్ చాలు, ఉచితం. మరకలు, చిరుగులు ఉంటే కంప్యూటర్‌లో గింప్. 1996 నుంచి ఉచితంగానే దొరుకుతోంది. మొదటి వారం విసుగొస్తుంది, ఓర్చుకోండి. ఇన్‌స్టాల్ చేసే వీలు లేకపోతే బ్రౌజర్‌లోనే నడిచే ఫొటోపీ ఉంది. కెమెరాలో రా ఫైళ్లు తీసే ఉత్సాహవంతులకు లైట్‌రూమ్, డబ్బు పెట్టకూడదనుకుంటే డార్క్‌టేబుల్. ఫొటోషాప్ గొప్పదే, కానీ 2013 తర్వాత కొత్త వెర్షన్లన్నీ అద్దె ఇల్లులాంటివి, కట్టినన్నాళ్లే. ఏడాదికి పది ఫొటోలకు అంత అవసరమా? క్రాక్ చేసి ఇస్తామనేవాళ్ల జోలికి మాత్రం పోకండి.

మనవాళ్లకే వచ్చే తంటా ఇంకొకటుంది. ఫొటో కింద తెలుగులో పేరు రాస్తే పాత ఫొటోషాప్‌లలో ఒత్తులు విడిపోయి పక్కన పడతాయి. పోయినసారి సంచికలో కొన్ని పేర్లు అలాగే అచ్చయ్యాయి, తిట్లు మేమే తిన్నాం. ప్రిఫరెన్సెస్‌లో టైప్ దగ్గర 'మిడిల్ ఈస్టర్న్ అండ్ సౌత్ ఏషియన్' ఎంచుకుని, ప్రోగ్రామ్ మూసి తెరిస్తే సరిపోతుంది. గింప్‌లో యూనికోడ్ ఫాంటుతో ఈ బాధ లేదు.

ఏది వాడినా అసలు స్కాన్‌ను ముట్టుకోకుండా కాపీ మీదే పని చేయండి. మాకు పంపేటప్పుడు రెండూ పంపండి. వాట్సాప్‌లో అయితే ఫొటోగా కాదు, డాక్యుమెంట్‌గా. లేకపోతే అది సైజు తగ్గించేస్తుంది, అచ్చులో ముఖాలు అలుక్కుపోతాయి.