శిఖరం ఎక్కిందెవరు?

హిమాలయాల్లో శిఖరం ఎక్కాలంటే భీముడి బలం కావాలనుకునేవాణ్ణి. నేపాల్‌లోని ఐలాండ్ పీక్‌కి గైడ్ల వెంట వెళ్ళే ఒక బృందంలో చేరాక తెలిసింది, ముందు కావలసింది ఓపిక అని. దాని ఎత్తు 6,189 మీటర్లు. అక్కడ పీల్చే గాలిలో మనకు దొరికే ప్రాణవాయువు సముద్రమట్టంలో దొరికేదాంట్లో సుమారు సగమే. అందుకే రోజుకి కొంచెం కొంచెంగా ఎక్కుతూ ఒంటికి ఎత్తు అలవాటు చెయ్యాలి. తొందరపడితే తలనొప్పి, వాంతులు. ముదిరితే ప్రాణం మీదికే వస్తుంది.

చివరి మంచుగోడకి తాడు ముందే కట్టి ఉంది. తాడుని పట్టుకునే జుమార్‌ని పైకి తోసి, ఒక అడుగు వేసి, నాలుగుసార్లు ఊపిరి పీల్చడమే నా పని. మరి ఆ తాడు కట్టిందెవరు? మాకంటే ముందు, తాడు లేని గోడ ఎక్కిన షేర్పాలు. 1953లో ఈ పర్వతం ఎక్కినవారిలో టెన్జింగ్ ఉన్నాడు. ఆయన పేరు లోకమంతటికీ తెలుసు. 2014 ఏప్రిల్ 18న ఎవరెస్ట్ దారిలో మంచు విరిగిపడి చనిపోయిన 16 మంది నేపాలీల పేర్లు మనలో ఎందరికి తెలుసు? వాళ్ళూ ఇతరుల యాత్రల కోసం పనిచేస్తున్నవాళ్ళే.

"ఎక్కేశావుటగా!" అని మిత్రులు భుజం తట్టారు. కాదనను. కానీ మన తెలుగులో 'ఎక్కించడం' అని ఇంకో చక్కని మాట ఉంది. ఎక్కాను, ఎక్కించారు: రెండూ నిజమే. రెండోది చెప్పకుండా మొదటిది చెప్పడానికి మాత్రం నాకు నోరు రాదు.