తిరుగు ప్రయాణపు లెక్క



మూడు దశాబ్దాలకు పైగా పిల్లలకు సంధులూ సమాసాలూ చెప్పి విశ్రాంతి తీసుకుంటున్నవాడు సముద్రం అడుగున తిరిగే స్కూటర్ల గురించి వ్రాయడమేమిటని మీకు నవ్వు రావచ్చు. మొదట నాకూ వచ్చింది. అయితే గత జూన్‌లో ఒకనాటి ఉదయం, అమెరికాలోని ఫ్లోరిడా తీరాన, మనుమరాలిని పక్కన కూర్చోబెట్టుకుని, తెల్లని అడ్డచార గల ఒక చిన్న ఎర్రజెండా కోసం ఇరవై అయిదు నిమిషాలపాటు సముద్రం వంక చూస్తూ ఉండిపోయాను. ఆ ఇరవై అయిదు నిమిషాలే ఈ టపా వ్రాయిస్తున్నాయి.

మా అమ్మాయికి కొన్నేళ్ళుగా స్కూబా డైవింగు అభిరుచి. వీపున గాలి సిలిండరు కట్టుకుని నీటిలో మునిగి, పగడపు దిబ్బలూ చేపలూ చూసి వస్తుంది. వాళ్ళుండే ఊరికి దగ్గరలో లాడర్‌డేల్-బై-ది-సీ అనే తీరం ఉంది. అక్కడ ఒడ్డునుండి దాదాపు వంద గజాలు ఈదితే చాలు, పగడపు దిబ్బ మొదలవుతుంది. కిందటి ఏడు ఆమె స్నేహితురాలితో కలిసి నీటి స్కూటరు నడపడం నేర్చుకుంది. పేరు స్కూటరే గాని కూర్చునే ఆసనం ఉండదు. పొడవాటి డబ్బా వంటి యంత్రం. లోపల బ్యాటరీ, మోటారు. వెనుక ఒక కవచంలో తిరిగే ప్రొపెల్లరు. దాని నుండి వచ్చే తాడును నడుము పట్టీకి ఉన్న కొక్కేనికి తగిలించుకుంటారు. మీట నొక్కితే యంత్రం ముందు సాగుతూ మనిషిని వెంట లాక్కుపోతుంది. వదిలితే ఆగుతుంది.

"దీనికి జలాశ్వమని పేరు పెడితే ఎలా ఉంటుందమ్మా?" అని అడిగాను. పండితుడి బుద్ధి పోదు కదా!

"స్కూటరంటే చాలు నాన్నగారూ. రెండో ప్రపంచ యుద్ధంలో ఇటలీ నావికులు ఇలాంటి వాటిమీదే ఎక్కి వెళ్ళేవారు. వాళ్ళు దాన్ని పంది అన్నారు" అని నవ్వింది.

నిజమే. 1941 డిసెంబరులో ఆరుగురు ఇటాలియన్లు మూడు వాహనాలపై అలెగ్జాండ్రియా రేవులోకి చొరబడి రెండు బ్రిటిషు యుద్ధనౌకలను దెబ్బతీశారు. ఆ వాహనాలకు వాళ్ళు పెట్టుకున్న ముద్దుపేరు 'మయాలే', అంటే పంది. చెప్పిన మాట వినని జంతువు పేరు పెట్టారంటే వాళ్ళకు దాని స్వభావం తెలిసే ఉంటుంది.

డైవింగుకు వెళ్ళేముందు రోజు రాత్రి అమ్మాయి భోజనాల బల్లమీద కాగితం పెట్టుకుని ఏవో లెక్కలు వేస్తున్నది. అడిగితే ఓపికగా చెప్పింది. కాళ్ళతో ఈదే డైవరు నిమిషానికి సుమారు పదిహేను మీటర్లు పోతాడనుకుందాం. స్కూటరు నలభై అయిదు మీటర్లు లాగుతుందనుకుందాం. పది నిమిషాల్లో నాలుగువందల యాభై మీటర్లు పోవచ్చు. అక్కడ యంత్రం ఆగిపోతే వెనక్కి ఈదడానికి ముప్పయి నిమిషాలు కావాలి. పోయేటప్పుడు ఒక పాలు గాలి ఖర్చయితే వచ్చేటప్పుడు మూడు పాళ్ళు కావాలి. ఈదేవాడికి ఆయాసం ఎక్కువ గనుక ఆ మూడూ చాలకపోవచ్చు.

గుహల్లో మునిగేవారికి పాత సూత్రం ఒకటున్నదట. గాలిలో మూడో వంతు పోవడానికి, మూడో వంతు రావడానికి, మిగిలినది ఆపదకు. ఇది కాళ్ళను నమ్ముకున్నవారి లెక్క. స్కూటరు మీద మూడో వంతు ఖర్చయ్యేదాకా పోయినవాడి దగ్గర మిగిలేది రెండు పాళ్ళే, కావలసినవి మూడు. "అందుకని నాన్నగారూ, యంత్రం ఎంతదూరం తీసుకుపోగలదని చూడకూడదు. అది ఆగిపోతే నేను ఈదుకుంటూ రాగలిగినంత దూరమే పోవాలి. గాలి అయిదో వంతు ఖర్చు కాగానే వెనక్కి తిరుగుతాను" అన్నది. బ్యాటరీకి కూడా అటువంటి హద్దే పెట్టుకున్నదట.

పైన ఆకాశం ఉన్నది కదా, తేలితే సరిపోదా అని నేనన్నాను. అదే పెద్ద పొరపాటన్నది. పది మీటర్ల లోతున ఒత్తిడి ఉపరితలం మీద ఉన్నదానికి రెండింతలు. అక్కడ ఊపిరితిత్తుల నిండా పీల్చిన గాలి పైకి వచ్చేసరికి రెండింతల చోటు కోరుతుంది. ఊపిరి బిగబట్టి వేగంగా లేచినవాడి ఊపిరితిత్తులు చిరిగిపోవచ్చు. అందుకే ఎప్పుడూ శ్వాస ఆపకూడదు, నిమిషానికి తొమ్మిది మీటర్లకు మించి పైకి లేవకూడదు. స్కూటరు ముక్కు పైకి తిప్పి మీట నొక్కి ఉంచితే ఆ పది మీటర్లూ పదమూడు సెకన్లలో అయిపోతాయి! కిందికి దిగేటప్పుడు అదే వేగం చెవులకు ముప్పు. కాబట్టి ఎక్కడానికీ దిగడానికీ యంత్రాన్ని నమ్ముకోకూడదు. అడ్డంగా ప్రయాణించడానికే అది. పైకి రావలసినప్పుడు మోటారు ఆపి, దాన్ని పక్కకు తగిలించుకుని, అయిదు మీటర్ల లోతున మూడు నిమిషాలు ఆగి, నెమ్మదిగా తేలాలి.

పైన పడవల భయం కూడా ఉన్నది. ఫ్లోరిడా చట్టం ప్రకారం డైవర్లు ఎర్రజెండా ఎగరవేయాలి. బయటి సముద్రంలో దానికి మూడువందల అడుగుల లోపల ఉండటానికి ప్రయత్నించాలి. ఆ పరిధిలో పడవలు వేగం బాగా తగ్గించుకోవాలి. ఒకచోట పాతిన జెండాను నమ్ముకుని స్కూటరెక్కితే రెండే నిమిషాల్లో ఆ రక్షణ దాటిపోతాం. కనుక జెండాను వెంట లాక్కుపోవాలి. అప్పుడు ఆ జెండా తాడే ప్రొపెల్లరుకు చుట్టుకోకుండా చూసుకోవాలి. వేలాడే గొట్టాలు, పట్టీలు, విరబోసుకున్న జుట్టు, అన్నిటికీ అదే జాగ్రత్త.

తోడు సంగతి వచ్చినప్పుడు నాకు పద్మవ్యూహం గుర్తుకు వచ్చింది. అభిమన్యుడికి లోపలికి పోవడమే తెలుసు, బయటికి రావడం తెలియదు అని అందరం చెప్పుకుంటాం. కాని ఆ సంగతి అతడు ముందే చెప్పాడు. వెనుకనే వస్తామని పెద్దలు మాట ఇచ్చారు. సైంధవుడు వాళ్ళను ద్వారం దగ్గరే ఆపివేశాడు. బాలుడు ముందుకు దూసుకుపోయాడు, తోడు వెనుక ఉండిపోయింది. నీటి కింద రెండు స్కూటర్ల వేగాల్లో కొద్దిపాటి తేడా ఉన్నా ఇదే జరుగుతుంది. క్షణాల్లో ఒకరికొకరు కనబడకుండా పోతారు. అందుచేత పక్కపక్కనే పోవాలి, నెమ్మదిగా నడిచే యంత్రాన్ని బట్టే రెండోది నడవాలి. ఫ్లోరిడాలోని నీటి గుహల ముందు, శిక్షణ లేనివారు ఇది దాటవద్దని మృత్యుదేవత బొమ్మతో హెచ్చరిక పలకలు ఉంటాయి. అమ్మాయికి ఆ శిక్షణ లేదు. ఆ జోలికి పోనని మాట ఇచ్చింది.

మర్నాడు ఉదయం అందరం తీరానికి వెళ్ళాం. బ్యాటరీ పెట్టి మూత బిగించేముందు అమ్మాయి రబ్బరు వలయాన్ని వేలితో తడిమి చూసింది. దానిమీద ఒక వెంట్రుక, ఒక ఇసుక రేణువు ఉన్నా నీరు లోపలికి దిగుతుందట. ఆ రోజు ప్రవాహం ఉత్తరంగా పారుతున్నది. వాళ్ళిద్దరూ దక్షిణంగా, ఎదురు బయలుదేరారు. నలభై నిమిషాల్లో వస్తామన్నారు.

నలభై అయింది. యాభై అయింది. జెండా జాడ లేదు. అల్లుడుగారు మాట్లాడకుండా ఒడ్డున అటూ ఇటూ నడుస్తున్నారు. "అమ్మ ఏది తాతయ్యా?" అని మనుమరాలు రెండుసార్లు అడిగింది. వచ్చేస్తుందన్నాను. నా గొంతు నాకే కొత్తగా వినిపించింది.

అప్పుడు నాకు కోనసీమలోని మా ఊరి కాలువ జ్ఞాపకం వచ్చింది. 1971 దసరా సెలవులు. నాకు పన్నెండేళ్ళు. కాలువ నిండుగా పారుతున్నది. రేవులో బట్టలు విప్పి గట్టుమీద పెట్టి ఈదుతుంటే సరుకు పడవ ఒకటి వచ్చింది. దాని వెనుక మోకు వేలాడుతున్నది. పట్టుకున్నాను. ఆహా, ఏమి సుఖం! చేయి ఆడించకుండానే చెట్లన్నీ వెనక్కి పోతున్నాయి. పక్క ఊరి రేవు దాటాక గాని వదలలేదు. గట్టెక్కి నడిచి రావచ్చు. కాని ఒంటిమీద మొలతాడు తప్ప మరేమీ లేదు, ఆ రేవు నిండా ఆడవాళ్ళు. సిగ్గుపడి, ఏటికి ఎదురీదాను. కాసేపటికి చేతులు బరువెక్కాయి. గట్టున ఒక తాటిచెట్టును గుర్తు పెట్టుకుని ఈదుతున్నాను. ఎంత ఈదినా ఆ చెట్టు అక్కడే ఉన్నది. రెండు గుటకలు నీళ్ళు మింగాను. ఎదురుగా వస్తున్న మరో పడవవాడు గడ అందించి పైకి లాగాడు. "మోకు పట్టుకున్నప్పుడు పడవ బలమంతా నీదేననుకున్నావురా అబ్బాయీ" అన్నాడు. ఇంకేమీ అనలేదు. ఈ సంగతి నేను మా నాన్నగారికి చెప్పలేదు. ఎవరికీ చెప్పలేదు.

గంటా అయిదు నిమిషాలకు జెండా కనిపించింది. దాని పక్కన రెండు తలలు తేలి, నెమ్మదిగా ఒడ్డుకు వచ్చాయి.

వెనక్కి తిరిగేచోట అమ్మాయి స్కూటరు ప్రొపెల్లరులో ఎవరో వదిలేసిన గాలపు తీగ చుట్టుకుని మోటారు ఆగిపోయిందట. మీట పొరపాటున కూడా పనిచేయకుండా బంధించి, తీగను తీయబోయి, రాకపోతే వదిలేసింది. కొంతదూరం స్నేహితురాలి స్కూటరు ఇద్దరినీ లాగింది. ఆ భారానికి దాని బ్యాటరీ త్వరగా తగ్గడం చూసి, దాన్నీ ఆపి ఈదుకుంటూ వచ్చారు. ప్రవాహం వాళ్ళకు అనుకూలంగా ఉన్నది. దిబ్బ దాటాక చివరి వంద గజాలూ పైన తేలుతూ వచ్చారు. మూడువేల పి.ఎస్.ఐ. గాలితో మొదలుపెట్టి, రెండువేల నాలుగువందల దగ్గర వెనక్కి తిరిగింది. నీటినుండి లేచేసరికి ఇంకా వెయ్యి ఉన్నది. రాత్రి కాగితం మీద వేసిన లెక్క పొద్దున ఆమెను ఒడ్డుకు చేర్చింది.

"ఆ యంత్రాన్ని అక్కడే వదిలేసి రాకపోయావా తల్లీ?" అన్నాను.

"బరువై కిందికి లాగితే వదిలేసేదాన్నే నాన్నగారూ. అది వేల డాలర్లదే కాని, దానికోసం ఆగిపోను. ముందే అనుకున్నాను" అన్నది.

ఇకమీద వెళ్ళవద్దు అని చెప్పాలని నాలుక చివరిదాకా వచ్చింది. చెప్పలేదు. ఆ సాయంత్రం వరండాలో కూర్చుని కాలువ సంగతి మొదటిసారి ఆమెకు చెప్పాను. నవ్వుతుందనుకున్నాను. నవ్వలేదు. "మీరు ప్రవాహంతోపాటు వెళ్ళారు నాన్నగారూ, అదీ పొరపాటు" అన్నది, ఉపాధ్యాయురాలిలా. నా మార్కులు నాకు తెలిసిపోయాయి.

ఇప్పుడు నేను మన ఊళ్ళో ఉన్నాను. ఆదివారం సముద్రానికి వెళ్ళేముందు ఆమె ఫోను చేస్తుంది. జాగ్రత్త అని ఇప్పుడు చెప్పడం మానేశాను, ఆ మాటలో పట్టుకోవడానికి ఏమీ ఉండదు. ఏ అంకె దగ్గర వెనక్కి తిరుగుతావు అని అడుగుతాను. ఆమె అంకె చెబుతుంది. నేను క్యాలెండరు మీద వ్రాసుకుంటాను. తిరిగి వచ్చాక ఇంకోసారి ఫోను వస్తుంది.

మీ పిల్లల్లో ఎవరికైనా ఈ సరదా ఉంటే మీరూ ఆ అంకె అడగండి. ఉంటాను మరి, సెలవు.