కొల్లేటి చుట్టూ అయిదు మజిలీలు

గోల్ఫు అనే ఆటను మనలో చాలామంది బొమ్మల్లోనే చూసి ఉంటారు. చిన్న తెల్లబంతి, వంకరకర్ర, కనుచూపు మేర పచ్చిక. బంతిని కొట్టుకుంటూ పోయి, పద్దెనిమిది గుంటల్లో ఒకదాని తరువాత ఒకదానిలో పడవేయడమే ఆట. నేను చెప్పబోయే విశేషం ఆటను గురించి కాదు, ఆ గుంటల మీద బ్రిటన్ వాళ్ళకున్న మమకారాన్ని గురించి. మనం చెరువులకూ తోటలకూ పేర్లు పెట్టుకున్నట్లే వాళ్ళు గుంటలకు పేర్లు పెట్టుకున్నారు. స్కాట్లండులో ట్రూన్ అనే చోట ఎనిమిదో గుంట పేరు 'తపాలాబిళ్ళ'. దూరం 123 గజాలే. కాని బంతి దిగవలసిన జాగా బహు చిన్నది. చుట్టూ ఇసుక గోతులు, పైన సముద్రపు గాలి! సెంట్ ఆండ్రూస్‌లో పదిహేడో గుంటకు ఆనుకునే రోడ్డున్నది. బంతి రోడ్డు మీద పడితే రోడ్డు మీంచే కొట్టుకోవాలి. ఆ చిక్కు వల్లనే ఆ గుంట లోకప్రసిద్ధమయింది.

ఆ మైదానాలు సముద్రానికీ సాగుభూమికీ మధ్య, పంటకు పనికిరాని ఇసుక నేలలో పుట్టినవి. మిట్టలూ పల్లాలూ చాలావరకు గాలీ సముద్రమూ మలచినవే. ఆటగాడు నేలను బట్టి నడుచుకోవాలి గాని, నేల ఆటగాణ్ణి బట్టి నడుచుకోదు. అందులోనే ఉన్నది రుచి.

నాకు గోల్ఫు రాదు. కళాశాలలో తెలుగు పాఠం చెప్పుకునేవాణ్ణి. అయినా తాడేపల్లిగూడేనికీ, ఏలూరికీ, కొల్లేటికీ నడుమ నాకూ అలాంటి 'గుంటలు' అయిదున్నాయి. సెలవు దొరికితే చాలు, పిల్లల్ని వెంటబెట్టుకుని వాటిని చుట్టివస్తూ ఉంటాను.

మొదటి మజిలీ తాడేపల్లిగూడెం. అక్కడ చూడటానికేమున్నదని మా ఆవిడ ఇప్పటికీ అడుగుతుంది. ఉల్లిపాయల బజారున్నది! తెల్లవారేసరికి లారీలు బారులు తీరి ఉంటాయి. బస్తాల మధ్య నడవడానికి జాగా ఉండదు; బేరగాళ్ళ కేకలతో పక్కవాడి మాట వినబడదు. ఊరి పక్కనే రెండో ప్రపంచయుద్ధకాలంలో విమానాలకోసం వేసిన పొడుగాటి బాట ఒకటున్నది. ఒకచోట అంత సందడి, ఆ పక్కనే అంత బయలు! ఆ తేడాయే నాకు గూడెంలో ఇష్టమైనది. బజారు చూసి వచ్చి వేడివేడి ఉల్లిపాయ పకోడీలు పొట్లం విప్పితే, మా ఆవిడ ప్రశ్నకు జవాబు చెప్పనక్కరలేదు.

అక్కణ్ణించి ఏలూరుకు పాసింజరు బండిలోనే రావాలి. భీమడోలు, దెందులూరు దాటేదాకా కిటికీ వదలబుద్ధి కాదు. ఏలూరులో నా మజిలీ కాలువగట్టు. ధవళేశ్వరం ఆనకట్ట 1852లోనూ, బెజవాడ ఆనకట్ట 1855లోనూ పూర్తయినాయి. అటు గోదావరి కాలువ, ఇటు కృష్ణ కాలువ వచ్చి ఈ ఊళ్ళోనే కలిశాయి. రైళ్ళు లేని రోజుల్లో పడవెక్కి పడుకుంటే ఒక నది నుంచి మరో నదికి చేరుకునేవారు. రెండు నదుల నీళ్ళూ కలిసినచోట ఏ గుడీ గోపురమూ అక్కరలేదు. సాయంకాలం గట్టు మీద కాసేపు నిలబడితే పుణ్యస్నానం చేసినట్లే ఉంటుంది. ఈ నీళ్ళలో కృష్ణమ్మ ఏది, గోదారమ్మ ఏది అని మా చిన్నమ్మాయి అడిగింది. తెలుగు మేస్టరునైనా నా దగ్గర జవాబు లేదు.

మూడో మజిలీ కైకలూరు దగ్గరి ఆటపాక. 2022లో జిల్లాలు మారాక ఇదీ ఏలూరు జిల్లాలోకే వచ్చింది. కార్తిక మాసం మొదలు శివరాత్రి దాకా ఇక్కడ గూడబాతుల సంసారాలు చూసి తీరాలి. ముక్కు కింద సంచీ వేలాడే ఈ పక్షులనే మన పిల్లలు పుస్తకాల్లో పెలికాన్లని చదువుకుంటారు. గూళ్ళకు చెట్లు చాలవని నీళ్ళలో ఇనుప మంచెలు నిలబెట్టారు. వాటి మీద అంతస్తుల మేడలో అద్దెకున్నట్లు కాపురాలు! తల్లి నోరు తెరిస్తే పిల్ల తల మొత్తం ఆ సంచీలోకి దూరుతుంది. మనకు భయం వేస్తుంది గాని అది దాని భోజనం. మౌనంగా ఉండగలిగితేనే ఇక్కడ ఆనందం. మా వాళ్ళు అరగంటసేపు నోరు మెదపకుండా కూర్చున్న చోటు నాకు తెలిసి ఇదొక్కటే.

నాలుగోది కొల్లేటికోట, పెద్దింట్లమ్మ తల్లి సన్నిధి. ఫాల్గుణంలో జాతరకు కృష్ణా గోదావరి మండలాల జనమంతా ఇక్కడే ఉంటారు. నేను మాత్రం జాతర వెళ్ళిపోయాక వెళతాను. రోడ్డున్నా కాసేపు దోనె ఎక్కకపోతే నాకు తృప్తి ఉండదు. ఒక మాటు దోనె నడిపే పెద్దాయనను, ఇంత నాచులో దోవ ఎలా తెలుస్తుందని అడిగాను. "నీరున్నన్నాళ్ళూ అంతా దోవేనండి, మేస్టారూ. నీరు తగ్గితేనే దోవ ఎతుక్కోవాలండి" అన్నాడు. ఆ మాట నా మనసులో నాటుకుపోయింది.

కొల్లేటి కథంతా ఆ మాటలోనే ఉన్నది. బుడమేరు, తమ్మిలేరు, రామిలేరు, గుండేరు తెచ్చిపోసే నీళ్ళను ఇది కడుపున దాచుకుంటుంది. 1970ల్లో పేదల బతుకు బాగుపడాలని సహకార సంఘాలకు చేపల చెరువులు తవ్వించి ఇచ్చారు. తరువాత డబ్బున్నవాళ్ళు దిగారు. గట్టు మీద గట్టు లేచింది. సరస్సు గళ్ళచీరలా ముక్కలయింది. 1999లో అభయారణ్యమన్నారు. 2002లో రాంసార్ ఒప్పందం కింద అంతర్జాతీయ గుర్తింపు వచ్చింది. 2006లో గట్లు బద్దలు కొట్టించారు. ఆ పనితో నీటికి ఊపిరి వచ్చింది. చెరువుల మీద బతికే కూలి కుటుంబాలకు పొయ్యి మీదికి గింజ కరువయింది. రెండూ నిజాలే. ఆ తరువాత చాలాచోట్ల గట్లు మళ్ళీ లేచాయి.

అయిదో మజిలీ ఆకివీడు వైపు ఉప్పుటేరు. పైనించి చేరిన నీరంతా సముద్రానికి పోవడానికి ఉన్న దారి ఇదొక్కటే, సుమారు అరవై కిలోమీటర్లు. వంతెన మీద నిలబడితే గాలిలో ఉప్పు వాసన తగులుతుంది. చూడటానికి బురద ఏరే. కాని 2024 సెప్టెంబరులో బెజవాడను ముంచిన బుడమేరు నీటికైనా గమ్యం కొల్లేరూ, ఈ ఏరూనే. దీని గొంతు పూడితే పైవాళ్ళు మునుగుతారు. కొల్లేట నీరు తగ్గితే సముద్రపు ఉప్పు దీని గుండానే ఎగదన్ని వస్తుంది. అందం చూడవచ్చినవాడికి భయమూ భక్తీ నేర్పే చోటు గనక దీన్ని చివర పెట్టుకున్నాను.

సెంట్ ఆండ్రూస్ మైదానాన్ని గురించి చెప్పవలసిన మాట ఇంకొకటున్నది. ప్రపంచంలోకల్లా పేరుపడ్డ ఆ పాత మైదానంలో ఆదివారం నాడు మామూలుగా ఆట కట్టిపెడతారు. ఆ రోజు ఊరి జనం పిల్లలతో, కుక్కలతో యథేచ్ఛగా తిరుగుతారు. నేల అందరిదని వాళ్ళు వారానికొకసారి తమకు తామే గుర్తు చేసుకుంటారన్నమాట. మన కొల్లేరూ అలాటి ఉమ్మడి ఆస్తే. గూడబాతుకు వాటా ఉన్నది, దోనె నడిపే పెద్దాయనకు వాటా ఉన్నది, బెజవాడలో మేడ కట్టుకున్నవాడికీ వాటా ఉన్నది. గట్లు వేసి పంచుకుంటే మాత్రం ఎవరి వాటా వారికి దక్కదు. నీటిని గట్టు వేసి కోయవచ్చు గాని వరదను కోయలేము.

వెళ్ళదలచినవారు చలికాలంలో, తెల్లవారుజామున బయలుదేరండి. ఒకే రోజులో అయిదూ చుట్టేయాలని ఆరాటపడకండి. పిల్లలకు చద్దిమూట కట్టండి. తిన్న తరువాత కాగితాలు నీళ్ళలో వేయనీయకండి. దోనె ఎక్కితే నడిపేవారితో నాలుగు మాటలు మాట్లాడండి. సరస్సును గురించి వాళ్ళకు తెలిసినంత మా పుస్తకాలకు తెలియదు.