పడవ పోషణము

పాడియావును గట్టుకొన్నవాడు దినమునకు రెండుమారులైనను కొట్టములోనికి దొంగిచూచును. పడవ గలవాడు మాత్రము దానిని రేవున గట్టి, తాటిముడి సరిచూచి, మరల పని పడువరకు మరచిపోవును. మేమును జాలకాలమట్లే మరచితిమి. కోనసీమలో మా కొబ్బరితోటకును ఇంటికిని నడుమ కాలువయే దారి. తండ్రిగారినాటి కొయ్యపడవ మాకు దక్కినది. దానిని నడుపు ముసలివానిని గూడ నా యాస్తిలో భాగముగానే యెంచితిమి.

ధవళేశ్వరమున 1847లో నారంభమై 1852లో ముగిసిన కాటను దొరగారి యానకట్ట మనకు నీటినే గాక త్రోవలను గూడ నిచ్చినది. ధాన్యమును మనుష్యులును ఏలూరు కాలువమీదుగా బెజవాడకును, అటుపై కొమ్మమూరు, బకింగుహాము కాలువలలో చెన్నపట్టణమునకును బోయిన కాలము గలదు. రైళ్లును లారీలును ఆ రాకపోకలను మ్రింగినవి. కాకినాడనుండి పుదుచ్చేరివరకు గల యీ మార్గమును 2008లో జాతీయ జలమార్గముగా బ్రకటించిరి గాని, మా రేవున నేడు నిండుగా గనబడునది గుఱ్ఱపుడెక్కయే.

ఒక వానకాలమున కొబ్బరికాయలతో బయలుదేరిన మా పడవ నడికాలువలో గ్రుంగెను. ముసలివాని మనుమడు, పదియేండ్లవాడు, నీటబడి, గట్టుమీద బోవువారెవరో దిగి లాగగా బ్రదికెను. మేము మొదట జేసిన పని యేమనగా, నష్టమును ఆ ముసలివాని జీతములో విరిచితిమి. ఆతడు మాఱుపలుకలేదు. మా యిల్లాలు మాత్రము, “అడుగుపలక మెత్తబడినదని ఆతడు నిరుడే చెప్పెను గదా! వచ్చే యేడు చూతమన్నది మీరు కారా?” యని యడిగెను. పడవను గట్టెక్కించి చూడగా, ఇనుపమేకుల చుట్టును కొయ్య నల్లబడి, వ్రేళ్లతో నలిపినంతనే పొడియయ్యెను. విరిచిన జీతమును మఱునాడే యిచ్చితిమి. తప్పు మాదని యాతని యింటికిబోయి చెప్పుటకు వారము పట్టినది.

అప్పటినుండి ఆతడే మాకు గురువు. ఏటేట వేసవిలో మరమ్మతులకై కాలువలు గట్టివేయు దినములే పడవకు వైద్యకాలము. గట్టెక్కించిన పడవకు అడుగున దుంగలు సరిసమానముగా నుండవలెను. లేనిచో దాని బరువే దాని నడుము వంచును. ఎండలో విడిచిన పలకలు కుదించుకొని యతుకులు నోళ్లు దెఱచును గనుక పైన కొబ్బరిమట్టలు గప్పవలెను. నాచు గోకి, పాతకూరుడు దీసి, ప్రత్తి కూరి, నూనెలో గరగించిన గుగ్గిలము పోయవలెను. వెలుపల చేపనూనె రాయవలెను. ఆ వాసనకు మా యింటివా రందఱును వారము దినములు మమ్ము దూరముంచిరి. చెడిన మేకులకు బదులు రాగివి వేయించితిమి. ఖర్చెక్కువే. నీటిలోనికి దింపుటకు ముందు రెండుమూడు దినములు లోపల తడిగోనెలు పఱచినచో కొయ్య యుబ్బి యతుకులు మూసికొనును.

వెలుపలి నీటికన్న లోపల నిలిచిన వాననీరే పడవకు పెద్ద శత్రువు. ప్రతి వాన వెనుకను దోడివేయవలెను. లాకులో నీరు దిగునప్పుడు తాడు బిగించి కట్టరాదు. పడవ తాటికి వ్రేలాడి యొక ప్రక్కకు దొరలును. ఇంజను గలవారు రెక్కలకు డెక్క చుట్టుకొన్నచో ఇంజను నాపకుండ చేయి పెట్టరాదు. 2019 సెప్టెంబరు 15వ తేదీన కచ్చులూరువద్ద గోదావరిలో విహారపడవ మునిగి పలువురు మరణించిన పిమ్మట, మా చిన్నపడవలో గూడ ఎక్కువారి కందఱకు తేలుచొక్కాలు కొనియుంచితిమి. బంధువులు నవ్విరి.

ముసలివాడిప్పుడు గడ పట్టలేడు. పడవ లెక్కల పుస్తకము మనుమడు వ్రాయుచున్నాడు. నిన్న తేదీ వేసి, “వెనుక నుండి మూడవ యతుకు కారుచున్నది. బాబుగారికి చెప్పితిని” అని వ్రాసి, క్రింద మా సంతకమునకు చోటు విడిచినాడు.